బేస్ జంపింగ్: పరికరాల ఎంపిక, భద్రత – తరచుగా అడిగే ప్రశ్నలు

స్కైడైవింగ్ కొంతకాలం చేసి, ఇప్పుడు కొండ అంచుల వైపు చూస్తున్నవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఇవే. అందుకని జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇవి చదివి దూకడం రాదు. మీకు నేర్పేవాళ్లను ఏం అడగాలో తెలుస్తుంది, అంతే.

బేస్ అంటే ఏమిటి?

బిల్డింగ్, యాంటెనా, స్పాన్ (అంటే వంతెన), ఎర్త్ (అంటే కొండ, లోయ). ఈ నాలుగు ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలు కలిపితే బేస్. ఆ పేరు వాడుకలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యుడు అమెరికన్ ఛాయాగ్రాహకుడు కార్ల్ బోనిష్. 1978లో అమెరికాలోని యోసెమిటీ పార్కులో ఎల్ కాపిటాన్ కొండ నుంచి కొందరు దూకుతుంటే ఫిల్మ్ తీశాడు. ఈ ఆట ఇప్పుడున్న రూపం అప్పటి నుంచే మొదలైంది. నాలుగు రకాల చోట్ల నుంచీ దూకినవాళ్లకు ఒక నంబరు ఇస్తారు. మొదటి రెండు నంబర్లు 1981లో ఫిల్ స్మిత్, ఫిల్ మేఫీల్డ్ తీసుకున్నారు.

స్కైడైవింగ్‌కీ దీనికీ తేడా ఎత్తు ఒక్కటేనా?

ఎత్తు ఒక తేడా. దానికంటే పెద్దవి ఇంకో రెండున్నాయి.

ఒకటి గాలి వేగం. విమానం నుంచి దూకినప్పుడు ఒంటికి గాలి బలంగానే తగులుతూ ఉంటుంది. చెయ్యి కాస్త అటూ ఇటూ కదిపితే ఒళ్లు తిరుగుతుంది. కొండ అంచు మీద నుంచి అడుగు వేసినప్పుడు మొదటి సెకనులో అలాంటి ఆసరా ఏమీ ఉండదు. అంచు దగ్గర ఒళ్లు ఏ భంగిమలో ఉంటే, రెండు సెకన్ల దాకా ఇంచుమించు అలాగే పోతారు. ముందుకు తూలితే ఆ తూలుడు సరిచేసుకోవడానికి పట్టు దొరకదు.

రెండోది, మీ వెనకే గోడలా నిలబడి ఉన్న కొండ. ఆకాశంలో పారాచూట్ ఏ దిక్కుకు తెరుచుకున్నా ఫర్వాలేదు. ఇక్కడ అది వెనక్కి తిరిగి తెరుచుకుంటే మిమ్మల్ని నేరుగా రాతికేసి తీసుకెళ్తుంది. ఈ ఆటలో మనుషులు పోయే దారుల్లో ఇది చాలా పెద్దది.

రిజర్వ్ పారాచూట్ ఎందుకు పెట్టుకోరు?

వాడే టైమ్ ఉండదు కాబట్టి. అమెరికాలోని ఐడహోలో పెరీన్ వంతెన ఉంది. ఏ అనుమతీ లేకుండా ఏడాది పొడుగునా దూకనిచ్చే చోటు కావడంతో చాలామంది మొదటి జంప్ అక్కడే. కింద నది 148 మీటర్ల లోతులో ఉంటుంది. దూకిన 3 సెకన్లకు మీరు సుమారు 42 మీటర్లు కిందికి వస్తారు. 4 సెకన్లకు 73. అయిదో సెకను ముగిసేసరికి 111. అప్పటికి నీళ్లకు మిగిలింది ఒక సెకను కూడా ఉండదు. ఇందులో మొదటి పారాచూట్ తెరుచుకోలేదని గమనించి, దాన్ని వదిలించుకుని, రెండోది లాగి, అది విప్పుకునేదాకా ఆగడం ఎక్కడ కుదురుతుంది?

మరి దానంతటదే తెరిచే యంత్రం, ఏఏడీ?

స్కైడైవర్ల ప్రాణాలు ఎన్నో కాపాడిన యంత్రమే అది. కానీ అనుభవజ్ఞుల కోసం చేసిన సైప్రెస్ అనే ఏఏడీ రకం సుమారు 225 మీటర్ల ఎత్తులో, సెకనుకు 35 మీటర్ల వేగం దాటితే పనిచేస్తుంది. పెరీన్ వంతెన మీద నిలబడ్డప్పుడే మీరు దానికంటే కింద ఉన్నారు.

నా స్కైడైవింగ్ రిగ్‌తోనే (వీపుకు తగిలించుకునే పారాచూట్ సామానంతటితోనే) ఒక్కసారి దూకి చూడొచ్చా?

వద్దు. ఈ ఆట మొదలైన రోజుల్లోవాళ్లు వేరే దిక్కులేక అలాగే దూకారు. మీకు ఆ అవసరం లేదు.

పైలట్ చూట్ ఏ సైజు తీసుకోవాలి?

కొత్తవాళ్లు క్యానపీ (అంటే తెరుచుకునే పెద్ద పారాచూట్) బ్రాండ్ గురించి గంటలు గంటలు మాట్లాడతారు, దీని గురించి రెండు నిమిషాలు. నా లెక్కన అది తారుమారు కావాలి.

పైలట్ చూట్ అంటే మీరు ముందుగా గాల్లోకి విసిరే చిన్న గొడుగు. అది గాలిని పట్టుకుని, బ్రైడిల్ అనే పొడవాటి పట్టీని లాగి, వీపు మీది కంటెయినర్‌ను తెరిచి, లోపలి పెద్ద పారాచూట్‌ను బయటికి తీస్తుంది. వేగం తక్కువగా ఉంటే గాలి తక్కువగా తగులుతుంది, అందుకు పెద్ద గొడుగు కావాలి. వేగం ఎక్కువైతే చిన్నది చాలు. స్కైడైవింగ్‌లో అది 24 నుంచి 30 అంగుళాల మధ్య ఉంటుంది. బేస్‌లో 32 నుంచి 48 అంగుళాల దాకా వాడతారు. దూకి ఒకటి రెండు సెకన్లలో విసిరేయాల్సిన చోట 46 లేదా 48. మూడు నాలుగు సెకన్ల డిలేకు (దూకాక విసిరేదాకా ఆగే సమయానికి) 42. పెద్ద కొండ నుంచి పది సెకన్లు, ఆపైన పడేవాళ్లకు 32 నుంచి 38 మధ్య.

పెద్దదే అన్నిటికీ వాడేస్తే పోలా అని అడుగుతారు. పోదు. గంటకు 190 కిలోమీటర్ల వేగంలో 48 అంగుళాల గొడుగు విసిరితే అది క్యానపీని మధ్యలో పట్టి ఒక్క గుంజు గుంజుతుంది. క్యానపీ విప్పుకోవడం దెబ్బతింటుంది, గుడ్డ చిరగొచ్చు, మీ మెడ పట్టేయొచ్చు. చిన్నదాన్ని తక్కువ ఎత్తులో వాడితే దానికి పూర్తి వ్యతిరేకం: గొడుగు మీ వెనక తేలుతుంటుంది, ఏమీ జరగదు, నేల దగ్గరవుతుంటుంది. అందుకే ఒక్క పైలట్ చూట్‌తో అన్ని చోట్లకూ తిరిగేవాణ్ణి చూస్తే నాకు టెన్షన్. కనీసం రెండు సైజులు ఉండాలి. ఏది ఏ సైజో దాని మీదే మార్కర్‌తో పెద్దగా రాసి ఉండాలి. మడిచాక 38కీ 42కీ తేడా కంటికి తెలియదు.

విసిరే పద్ధతీ దీనితోనే ముడిపడి ఉంది. తక్కువ డిలే అయితే గొడుగును చేతిలో పట్టుకునే దూకుతారు. ఎక్కువ డిలే అయితే నడుము వెనక పౌచ్‌లో పెట్టుకుని, పడుతూ తీస్తారు. ఇంకా తక్కువ ఎత్తులో అయితే వెనక నిలబడ్డ మనిషి దాన్ని పట్టుకుంటాడు, లేదా బ్రైడిల్‌ను అంచుకు తెగిపోయే దారంతో కడతారు.

స్లైడర్ ఉంచాలా, తీసేయాలా?

స్లైడర్ అంటే లైన్ల (క్యానపీని మనిషికి కలిపే తాళ్ల) మీద జారే చతురస్రపు గుడ్డ ముక్క. పారాచూట్ ఒక్కసారిగా తెరుచుకోకుండా పట్టి ఉంచి నిదానంగా తెరవనిస్తుంది. వేగం ఎక్కువ ఉన్నప్పుడు అది లేకపోతే ఆ కుదుపుకు మనిషీ మిగలడు, గుడ్డా మిగలదు. వేగం తక్కువ ఉన్నప్పుడు అది ఉంటే, తెరుచుకోవడానికి పట్టే ఆ కాస్త ఎక్కువ టైమే నేలకు తగిలేలా చేస్తుంది. కాబట్టి సుమారు మూడు సెకన్ల లోపు డిలేకు స్లైడర్ తీసేస్తారు. నాలుగు దాటితే సన్నటి జల్లెడ గుడ్డతో చేసిన స్లైడర్ పెడతారు. మూడుకీ నాలుగుకీ మధ్య ఉన్నది ఎవరికీ ఇష్టం లేని చోటు. చాలామంది ఆ డిలేనే తప్పించుకుంటారు, నేనూ అంతే.

స్లైడర్ తీసేసినప్పుడు ఇంకో బెడద వస్తుంది. బ్రేకు లైను (క్యానపీని తిప్పడానికి, నెమ్మదింపజేయడానికి లాగే తాడు) ఒకటి క్యానపీ ముందు అంచు మీదుగా చుట్టుకుని, సగం క్యానపీని మడిచేసి, మిమ్మల్ని గిర్రున తిప్పేస్తుంది. దీన్ని లైన్ ఓవర్ అంటారు. స్కైడైవింగ్‌లో అయితే ఆ పారాచూట్‌ను వదిలేసి రిజర్వ్ లాగుతారు. ఇక్కడ అది లేదు కాబట్టి జంపర్లే రెండు ఉపాయాలు కనిపెట్టుకున్నారు. టెయిల్ గేట్ అనే చిన్న పట్టీ, క్యానపీ గాలి నింపుకునేదాకా వెనక అంచు బ్రేకు లైన్లను ఒకచోట పట్టి ఉంచుతుంది. ఇక బ్రేకు లైనును రైజర్ (లైన్లను భుజాల దగ్గర రిగ్‌కు కలిపే పట్టీ) మీద ఉండే రింగులోంచి పోనివ్వకుండా బయటి నుంచి కడతారు. లైన్ ఓవర్ అయితే ఆ వైపు టాగుల్ (బ్రేకు లైను పిడి) వదిలేస్తే చాలు, లైను మొత్తం జారిపోయి క్యానపీ విప్పుకుంటుంది. ఆ తర్వాత రైజర్లతో నడుపుకుని దిగాలి. స్లైడర్ పెట్టి దూకే రోజు లైను రింగులోంచి పోవాలి కాబట్టి, అప్పుడు కూడా విడిపోయే రకం టాగుల్స్ విడిగా ఉన్నాయి.

ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారే రోజు ఈ అమరికంతా మార్చాలి. పొరపాట్లు దొర్లేది ఆ రోజే. లైను రింగులో ఉందా బయట ఉందా, పైలట్ చూట్ ఏది, బ్రేకు సెట్టింగ్ ఏది అని కాగితం మీద రాసుకుని ఒక్కోదానికీ టిక్కు పెట్టుకునేవాణ్ణి చూసి నవ్వేవాళ్లుంటారు. నవ్వనివ్వండి.

క్యానపీ ఎంత పెద్దది ఉండాలి?

స్కైడైవింగ్‌లో మీరు వాడేదానికంటే చాలా పెద్దది, చాలా నిదానమైనది. ఏడు అరల క్యానపీలే దాదాపు అందరూ వాడతారు. వేగంగా దూసుకుపోయే చిన్న క్యానపీ మీద మోజు ఉంటే దాన్ని విమానం దగ్గరే వదిలిపెట్టి రండి.

కారణం వెనకే నిలబడ్డ గోడ. క్యానపీ దానివైపు తిరిగి తెరుచుకుంటే, వెనక రైజర్లు లాగి దాన్ని తిప్పడానికి మీకు ఒకటో రెండో సెకన్లు ఉంటాయి. ఆ లోపు అది ఎంత తక్కువ ముందుకు పోతే అంత మంచిది. అందుకే బ్రేకులు మామూలుకంటే బాగా లోతుగా లాగి కట్టి ప్యాక్ చేస్తారు. క్యానపీ అడుగు గుడ్డకు గాలి లోపలికి పోయే అదనపు కంతలు ఉండే రకాలు వచ్చాక ఇంకొంచెం మేలైంది. అవి త్వరగా గట్టిపడతాయి, చెప్పిన మాట త్వరగా వింటాయి.

క్యానపీ ఎంత తేడా తెస్తుందో చూడాలంటే 1966 గుర్తు చేసుకోవాలి. మైకేల్ పెల్కీ, బ్రయాన్ షూబర్ట్ అనే ఇద్దరు ఎల్ కాపిటాన్ నుంచి గుండ్రటి పారాచూట్లతో దూకారు. వాటిని నడిపే వీలు సరిగా ఉండదు. గాలి ఇద్దర్నీ కొండకేసి కొట్టింది, ఇద్దరికీ ఎముకలు విరిగాయి. పన్నెండేళ్ల తర్వాత అదే కొండ నుంచి బోనిష్ బృందం నడపగలిగే చదరపు క్యానపీలతో దూకి నడుచుకుంటూ వెళ్లింది.

వెల్‌క్రో కంటెయినరా, పిన్ కంటెయినరా?

తక్కువ వేగం జంప్‌లకు వెల్‌క్రో పాత నేస్తం. బ్రైడిల్ లాగగానే చివర నుంచి ఒలుచుకుంటూ వస్తుంది. దాని రోగం అరుగుదల. దారపు పోగులు, ఇసుక పట్టి పట్టు తగ్గితే అనుకోని చోట తెరుచుకుంటుంది. ఎక్కువసేపు పడేవాళ్లకూ, వింగ్‌సూట్ (చేతుల కింద, కాళ్ల మధ్య రెక్కల్లాంటి గుడ్డ ఉండే సూట్) వాళ్లకూ పిన్ మేలు. పిన్‌ను పట్టి ఉంచే లూప్ మరీ బిగుతుగా కడితే తక్కువ వేగంలో పైలట్ చూట్ దాన్ని లాగలేదు, అది గుర్తుంచుకోండి. ఈ రోజుల్లో ఒకటే కొనేవాళ్లు ఎక్కువగా పిన్ వైపే పోతున్నారు. తప్పేమీ లేదు.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా? ఒక్కరోజుకు అరువు తెచ్చుకోవచ్చా?

సెకండ్ హ్యాండ్ కొనొచ్చు, చూసే కన్ను ఉన్నవాళ్లను వెంటబెట్టుకుని. పైలట్ చూట్ జల్లెడ గుడ్డ కుట్టు దగ్గర చిరిగిందా, బ్రైడిల్ చివర్లలో కుట్టు లేచిందా, లైన్లు పొట్టివయ్యాయా, క్యానపీ గుడ్డలోంచి గాలి ఎంత సులువుగా పోతోంది అన్నవి ముందు చూడాలి. ఎన్ని జంప్‌లు చేసిందన్న లెక్క కంటే ఎన్నిసార్లు నీళ్లలో, ఉప్పునీళ్లలో పడిందన్నది నేను ముందు అడుగుతాను.

అరువు సంగతి వేరు. ఎరువు సొమ్ము బరువు చేటు అన్నారు కదా, ఇక్కడ ఆ చేటు ఇంకా పెద్దది. రిగ్ మారితే పైలట్ చూట్ పిడి ఉండే చోటు మారుతుంది, పట్టీల బిగుతు మారుతుంది. చెయ్యి మాత్రం పాత చోటికే పోతుంది. 1999 అక్టోబరులో యోసెమిటీలో బేస్ జంపింగ్ మీద ఉన్న నిషేధానికి నిరసనగా కొందరు ముందే చెప్పి దూకారు. దూకినవాళ్ల సామాను పార్కు అధికారులు జప్తు చేసుకుంటారు కాబట్టి, స్టంట్ కళాకారిణి జాన్ డేవిస్ తన సొంత రిగ్ వదిలి వేరేది తెచ్చుకుంది. ఆమె పారాచూట్ తెరుచుకోలేదు. జనం, కెమెరాలు చూస్తుండగానే చనిపోయింది. ఆమె కొత్త మనిషి కాదు, ఎంతో అనుభవం ఉన్న జంపర్.

ప్యాకింగ్ వేరేవాళ్లతో చేయించుకోవచ్చా?

నేర్చుకునే రోజుల్లో గురువు పక్కన కూర్చుని చేయించాలి. ఆ తర్వాత మీదే. స్కైడైవింగ్‌లో పది నిమిషాల్లో అయిపోయే పని ఇక్కడ గంట పడుతుంది, పట్టనివ్వాలి. గుడ్డ మడతలను క్లిప్పులతో పట్టి, ఒక్కో వరుస లైన్లు నిటారుగా ఉన్నాయా అని వేలితో తడుముతూ పోవాలి. మధ్యలో ఎవరైనా మాట్లాడిస్తే నేను ఆపేస్తాను, మాట అయ్యాక ఒక మెట్టు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెడతాను.

మీరు సొంతంగా ప్యాక్ చేసినా, అంచు దగ్గర ఇంకొకరి కళ్లు కావాలి. ఒకసారి తెల్లవారుజామున, చలిలో, జాకెట్ వేసుకుని దాని మీద రిగ్ తగిలించుకున్నాను. ముందే అంతా చూసుకున్నానన్న ధీమా. వెనక ఉన్న మిత్రుడు ఏమీ అనలేదు, నా తొడ పట్టీ దగ్గర రెండు వేళ్లు పెట్టి లాగాడు. బ్రైడిల్ ఆ పట్టీ కిందినుంచి పోయి ఉంది. నేను పైలట్ చూట్ విసిరితే అది నా తొడను లాగేది, కంటెయినర్‌ను కాదు. విప్పి మళ్లీ వేసుకున్నాను. అతను దాని గురించి తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. నేనే ఇలా అందరికీ చెబుతుంటాను.

హెల్మెట్, ప్యాడ్లు, బూట్లు?

హెల్మెట్ తలంతా కప్పేది, రాతికి తగిలినా తట్టుకునేది. మోకాళ్లకు, మోచేతులకు ప్యాడ్లు. చాలామంది వీపుకూ కవచం వేసుకుంటారు. బూట్లకు చీలమండ ఆసరా ఉండాలి. లేసుల కొక్కేలు ఉన్న బూట్లు వద్దు, లైనో బ్రైడిలో వాటికి చిక్కుకుంటుంది. ఇప్పటికే ఉన్నవైతే టేపు చుట్టేయండి.

కెమెరా?

మొదటి వంద జంప్‌ల దాకా లేకపోతే ఏమీ నష్టం లేదు. కెమెరా ఉన్న రోజు మనిషి దూకే తీరు మారుతుంది, కాదన్నవాళ్లను నేను నమ్మను.

ఎన్ని స్కైడైవ్‌ల తర్వాత మొదలుపెట్టాలి?

మొదటి జంప్ కోర్సు నేర్పేవాళ్లు మామూలుగా అడిగేది 200. ఆ అంకెకు మహిమేమీ లేదు. క్యానపీని అనుకున్న చోట, చిన్న జాగాలో, వరుసగా దించగలగాలి. అది 200కు రానివాళ్లు ఉన్నారు. దిగే చోటు రాళ్ల మధ్య ఒక వరండా అంత ఉంటే, మైదానంలో నేర్చుకున్న ల్యాండింగ్ పనికిరాదు.

వింగ్‌సూట్ సంగతి అడిగేవాళ్లకు: విమానం నుంచి వింగ్‌సూట్ వేసుకోవడానికే 200 స్కైడైవ్‌లు కావాలి. దాంతో కొండ నుంచి దూకడం ఆ తర్వాత చాలా కాలానికి వచ్చే మాట. బేస్, వింగ్‌సూట్ రెండూ విడివిడిగా ఒంటబట్టాకే కలపాలి. కొండను ఆనుకుని ఎగరడంలో పొరపాటు సర్దుకునే జాగా అసలుండదు. 2015 మేలో డీన్ పాటర్ లాంటి ఆరితేరిన మనిషి, తోటి జంపర్ గ్రాహం హంట్‌తో పాటు యోసెమిటీలో అలాగే పోయాడు.

నిజంగా ఎంత ప్రమాదకరం?

నార్వేలోని షెరాగ్ కొండ దగ్గర ప్రతి జంప్‌నూ లెక్క రాసే అలవాటుంది. 1995 నుంచి 2005 దాకా 11 ఏళ్లలో అక్కడ 20,850 జంప్‌లు, 9 మరణాలు, ప్రాణం పోని ప్రమాదాలు 82. అంటే 2,317 జంప్‌లకు ఒక చావు, 254 జంప్‌లకు ఒక ప్రమాదం. పోల్చుకోవడానికి, 2023లో అమెరికా స్కైడైవింగ్‌లో సుమారు 36.5 లక్షల జంప్‌లకు 10 మంది పోయారు.

షెరాగ్ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, మంచి పర్యవేక్షణ ఉన్న చోటు. అన్ని చోట్లా లెక్క ఇంత బాగుంటుందని అనుకోకండి.

అంత అనుభవం ఉన్నవాళ్లు ఎందుకు పోతున్నారు?

పరికరం పాడై పోయినవాళ్లు తక్కువ. పరికరం బాగానే ఉండి, ఆ చోటికి అది సరిపోకో, ఆ రోజు దూకకూడని రోజై ఉండో పోయినవాళ్లే ఎక్కువ. చనిపోయినవాళ్ల వివరాలతో జంపర్లే ఒక జాబితా రాస్తూ వస్తున్నారు. నాలుగు వందలు దాటింది. నేను దాన్ని ఏడాదికోసారి మొదటి నుంచి చదువుతాను. అందులో చాలా వాటి దగ్గర ఆగి, ఇది నేను కూడా చేసేవాణ్ణే అనుకుంటాను.

కార్ల్ బోనిష్ 1984 జులైలో నార్వేలోని ట్రోల్ గోడ మీద నుంచి భార్య జీన్‌తో కలిసి రికార్డు జంప్ చేశాడు. అంతా సవ్యంగా జరిగింది. ఆ వెంటనే, కొద్ది రోజులైనా కాకుండానే, అదే కొండ మీద వేరే చోటు నుంచి దూకి చనిపోయాడు. ఈ ఆటకు పేరు పెట్టినవాడే. 1966లో ఎముకలు విరగ్గొట్టుకున్న బ్రయాన్ షూబర్ట్ 2006లో, 66 ఏళ్ల వయసులో, వెస్ట్ వర్జీనియాలో ఏటా అక్టోబరులో జరిగే బ్రిడ్జ్ డే రోజున దూకాడు. ఆ వంతెన 267 మీటర్ల ఎత్తు. పారాచూట్ మరీ ఆలస్యంగా తెరుచుకుంది.

నాకు భయం వేసేది పది జంప్‌ల వాణ్ణి చూసి కాదు. వాడు భయపడుతూనే ఉంటాడు, చెప్పింది వింటాడు. యాభై అరవై జంప్‌లు సాఫీగా అయిపోయి, ప్యాకింగ్ నలభై నిమిషాలకు తగ్గించినవాణ్ణి చూసి. సాఫీగా అయిన జంప్ మనం బాగా చేయడం వల్ల అయిందో, అదృష్టం వల్ల అయిందో బయటికి ఒకేలా కనిపిస్తుంది.

ఎక్కడ దూకొచ్చు, ఎక్కడ కూడదు?

చోటును బట్టి. పెరీన్ వంతెన సంగతి పైన చెప్పాను. యోసెమిటీలో 1980లో కొద్దికాలం అనుమతించి ఆపేశారు. ట్రోల్ గోడ మీద 1986 నుంచి నిషేధం. స్విట్జర్లాండ్‌లోని లౌటర్‌బ్రునెన్ లోయలో దూకొచ్చు, కానీ అక్కడ హెలికాప్టర్లు తిరుగుతుంటాయి కాబట్టి దూకేముందు హెలిపోర్టుకు ఫోన్ చేసి చెప్పాలి. అక్కడ ఎదిగిన గడ్డిలో దిగొద్దంటారు. అది ఆవుల మేత, తొక్కితే రైతుకు నష్టం. ఒకరు తొక్కితే ఆ కోపం తర్వాత వచ్చేవాళ్లందరి మీదా పడుతుంది.

అంచు దాకా వెళ్లాక వద్దనిపిస్తే?

దిగిపోండి. కారణం చెప్పక్కర్లేదు. మంచి బృందంలో ఎవరూ అడగరు కూడా. అడిగితే, లేదా "ఇంత దూరం వచ్చి..." అని మొదలుపెడితే, తర్వాతిసారి వేరేవాళ్లతో వెళ్లండి.

కష్టమేమిటంటే ఎక్కేటప్పుడు పడ్డ శ్రమంతా ఆ నిమిషంలో దూకమనే చెబుతుంది. అందుకే నిర్ణయాలు కిందే చేసుకుంటాం: గాలి వెనక నుంచి వస్తే లేదు, కింద పెట్టిన గుడ్డ పీలిక ఇంత దాటి ఊగితే లేదు, ఇన్ని గంటలు దాటితే లేదు. పైన బేరాలు లేవు. ఒకసారి నలుగురం మూడు గంటలు ఎక్కాం. అంచు దగ్గర గాలి ముఖానికి తగులుతోంది, బానే ఉందనుకున్నాం. ఇంతలో ఒకడు ఉమ్మాడు. అది కిందికి పోలేదు, తిరిగి పైకొచ్చి వాడి గడ్డానికే తగిలింది. గాలి గోడ వెంబడి సుడి తిరుగుతోందన్నమాట. అరగంట కూర్చుని, తెచ్చుకున్నవి తిని, రిగ్‌లు మోసుకుంటూ దిగాం. మర్నాడు మళ్లీ ఎక్కాం. మళ్లీ అదే గాలి. మళ్లీ దిగాం.